మొరం రోడ్డుకు మూడు లక్షలు

మా బావమరిది కొత్త బండి కొనడంతో నాకు పేచీ లేదు. డబ్బు అతనిది, వాయిదాలు అతనివి. కానీ "ఆఫ్‌రోడ్ ప్యాకేజీ" (దారి లేని చోట బండి నడిపేందుకు కొన్న అదనపు హంగులు) అనే మాటను నాలుగు నెలలుగా ప్రతి భోజనంలోనూ అతను ఎంత శ్రద్ధగా వడ్డిస్తున్నాడంటే, మా అత్తగారు సైతం పప్పుగరిటె పట్టుకుని "లో రేంజ్ వేశావా నాయనా" అని, బండిని మెల్లగా కానీ ఎక్కువ బలంతో లాగించే ఆ గేరు గురించి అడిగే స్థితికి వచ్చారు. ఇంట్లో జమాఖర్చుల పుస్తకం రాసే ఏకైక మనిషిని కాబట్టి, ఈ ప్యాకేజీ వల్ల ఒనగూడిన లాభనష్టాలను నిష్పాక్షికంగా తేల్చవలసిన బాధ్యత నామీద పడింది.

ముందుగా ఖర్చు సంగతి. ఈ సరదా ఖరీదు తెలియని వారి కోసం ఒక ఉదాహరణ చెబుతాను. 2024లో వచ్చినప్పుడు మహీంద్రా థార్ రాక్స్ డీజిల్‌లో ఎంఎక్స్5 అనే మోడల్ మాన్యువల్ బండికి వెనక చక్రాలు మాత్రమే లాగే రకం ఆరంభ ధర 16.99 లక్షలు కాగా, నాలుగు చక్రాలూ లాగే రకం ధర అప్పట్లో 18.79 లక్షలు. అంటే అప్పటిదాకా ఊరికే దొర్లుతున్న ముందు చక్రాలకు పని చెప్పినందుకు లక్షా ఎనభై వేలు. బండి ధరను బట్టి రోడ్డు పన్నూ బీమా ప్రీమియమూ పెరుగుతాయన్నది వేరే చెప్పనక్కరలేదు. మావాడి బండి ఇంకో కంపెనీది. నాలుగు చక్రాల ముచ్చటకు రెండు లక్షలు, పెద్ద గాడుల టైర్లకూ రిమ్ములకూ 72 వేలు, ముందు ఇనుప కమ్మీకీ అదనపు లైట్లకూ 38 వేలు, మొత్తం 3,10,000 రూపాయలని పుస్తకంలో ఎక్కించాను.

ఇంత పోసి అతను సంపాదించుకున్న సుఖాన్ని కూడా న్యాయంగా చెప్పాలి. ఆ టైర్లు తారు రోడ్డు మీద తేనెతుట్టె కదిలినట్టు మోగుతాయి కాబట్టి పాటలు వినే బాధ తప్పింది. బండిని లేపి ఎత్తు పెంచడంతో బరువంతా పైకి చేరి, ఔటర్ రింగు రోడ్డు దిగే మలుపులో అది చూడిగేదెలా ఒరుగుతుంది. అప్పుడు వెనక కూర్చున్న నేను మా ఆవిడ మీదా, మా ఆవిడ తలుపు మీదా వాలవలసి వస్తుంది. తడి రోడ్డు మీద మామూలు టైరు ఆగిన చోట ఇది ఆగదు. టైరు చుట్టుకొలత పెరగడం వల్ల ముల్లు వంద చూపిస్తున్నప్పుడు బండి వందకు పైనే పోతుంటుందని నేను హెచ్చరిస్తే, "అదే కదా బావగారూ పవరు" అన్నాడు. ఒకసారి ఉత్సాహం ఆపుకోలేక ఎండిన సిమెంటు మీదే నాలుగు చక్రాల లివరు వేసి సెల్లార్లో బండి తిప్పబోతే, అది ఎవరో పట్టుకుని లాగినట్టు బిగుసుకుని, టైర్లు కీచుమంటూ కుంటింది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ ఇలాంటి బండ్లలో మధ్యలో ఉండదు. జారే నేల మీదైతే చక్రాలు జారి ఆ తేడాను సర్దుకుంటాయి, సిమెంటు మీద సర్దుకోలేవు. బిగించిన లివరు సిమెంటుకు కాదని కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకం మీది ప్లాస్టిక్ కవరు ఇంకా చించలేదు.

ఇక ప్యాకేజీని నిజంగా వాడుకున్న ఆ చారిత్రక ఆదివారం. షాద్‌నగర్ అవతల ఒక వెంచరులో అతనికి రెండు వందల గజాల ప్లాటు ఉంది. ఏనుగుల బొమ్మలున్న ఆర్చి నుంచి ప్లాటు దాకా మొరం రోడ్డు, నా అడుగుల లెక్కన 60 మీటర్లు. ముందురోజు రాత్రి చినుకులు పడ్డాయి. ఆర్చి కింద బండి ఆపి, నేలను చేత్తో తాకి చూసి, బరువు తగ్గాలంటూ మమ్మల్నందరినీ దించేశాడు. తరువాత ఫోనులో చూసి నేర్చుకున్న విద్య ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని, తాళంచెవి కొసతో ఒక్కో చక్రానికీ అయిదేసి నిమిషాలు గాలి తీశాడు. 34 పాయింట్లున్న గాలి 18కి దిగింది. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకలో దిగబడదన్న మాట నిజమే, కాకపోతే అక్కడ ఇసుక లేదు.

ఈ క్రతువు సాగుతుండగా వెనక నుంచి టీవీఎస్ ఎక్స్ఎల్ ఒకటి వచ్చింది. రెండు పక్కలా పాలక్యాన్లు, ముందు దాణా మూట, వెనక ఒక మేక, వీటన్నిటి మధ్యా ఎక్కడో ఒక పెద్దాయన. "దారికి అడ్డం వెట్టినవేంది సారూ, జర పక్కకు దియ్" అన్నాడు. మావాడు లేచేలోపే ఆయన ఆ సందులోంచి దూరి, మొరం దాటి, గట్టెక్కి, అవతలి చేల్లో మాయమయ్యాడు. వంద సీసీ కూడా లేని ఇంజను, లాగేది ఒకే ఒక్క చక్రం. మేకైనా తల తిప్పి చూడలేదు.

తరువాత లో రేంజ్ వేసి, ఇంజను గర్జిస్తుండగా మా బావమరిది బయలుదేరాడు. పులిహోర డబ్బాతో నడిచి వెళ్లిన మా ఆవిడ అతనికంటే ముందే ప్లాటు చేరుకుంది. మూడు లక్షల పదివేలను అరవైతో భాగిస్తే మీటరుకు 5,166 రూపాయల పైచిలుకు వచ్చింది. ఆ సొమ్ముతో ఆ ముక్కకు సిమెంటు రోడ్డే వేయవచ్చని వెంచరు మేస్త్రీ నాతో చాటుగా అన్నాడు.

తిరుగు ప్రయాణంలో, తీసిన గాలిని మళ్లీ పట్టడానికి పంపు లేదన్న సంగతి బయటపడింది. నాలుగు లైట్లూ మిణుకుమిణుకుమంటుండగా, పెళ్లి ఊరేగింపు వేగంతో ఏడు కిలోమీటర్లు వచ్చి పంక్చరు షాపు ముందు ఆగాం. ఆ కుర్రాడు చక్రాలు నాలుగూ చూసి, "మంచిగున్న గాలి ఎందుకు తీసిండ్రు సార్?" అని అడిగాడు. ప్యాకేజీ గురించి ఇన్నాళ్లలో నేను విన్న ఏకైక సాంకేతిక ప్రశ్న అదే.

ఇంతవరకు నవ్వుకోవచ్చు, కానీ ఆ ఇనుప కమ్మీ దగ్గర నాకు నవ్వు రాదు. బుల్ బార్లనే ఇలాంటి కమ్మీలు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమనీ, వాటిని తీయించమనీ కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను తినవలసిన బండి ముందు భాగాన్ని ఆ కమ్మీ నలగనివ్వదు, ఎయిర్‌బ్యాగు సెన్సరును తికమక పెడుతుంది, ఎదుటి స్కూటరు మీదివాడి మోకాలి చిప్పను మాత్రం గురి తప్పకుండా అందుకుంటుంది. ఏ అడవిదున్న ఎదురొస్తుందని అమీర్‌పేటలో ఈ కవచం? ఇక్కడ అడ్డొచ్చేది బడిపిల్లలయ్యా!

వచ్చే నెల పాడేరు మన్యానికి పోయి "అసలైన ఆఫ్‌రోడ్" చేస్తానంటున్నాడు. అక్కడి గిరిశిఖర గ్రామాల్లో దారి లేకపోవడం ఎవరూ కొనుక్కున్న ప్యాకేజీ కాదు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని దుప్పటి డోలీలో పడుకోబెట్టి, కర్రను భుజాల మీద మోస్తూ, 108 ఆగిన చోటి దాకా కిలోమీటర్ల కొద్దీ వాగులూ బండలూ దాటి దించుతారు. ఆ దారి మీద బురద చిమ్మించి, ఆ బురదను కడగకుండా హైదరాబాదు దాకా తెచ్చి ఆఫీసు పార్కింగులో ప్రదర్శిస్తారట. సిగ్గులేకపోతే సరి!

ఈ మాట నేను భోజనాల దగ్గర కొంచెం గట్టిగానే అన్నాను. అతను రెండు రోజులు మాట్లాడటం మానేసి, మూడో రోజు గాలిపంపు కొన్నాడు. పంపు పెట్టుకోవడానికి పైన క్యారియరు బిగించాడు. క్యారియరు సెల్లారు దూలానికి తగులుతోందని ఇప్పుడు బండిని వీధిలో, మా గేటుకు అడ్డంగా, వేపచెట్టు కింద పెడుతున్నాడు. దాని మీద కాకులు కూర్చుంటున్నాయని నిన్న తొడుగు ఆర్డరు పెట్టాడు. 6,400 రూపాయలు. పుస్తకంలో ఎక్కించాను.