ఒక్క చుక్క కూడా కనపడదండీ

మా రాపిడి పరీక్షల రిగ్, అదే ఆ పరీక్షలు చేసే యంత్రం, చూడ్డానికి పైనుంచి పెద్దవాళ్లు వచ్చారు. ఎవరు, ఎందుకు అన్నది వదిలేయండి. హెల్మెట్లు పెట్టుకున్నారు, వివరించే పని నా నెత్తిన పడింది.

బేరింగులకి గాలితో నూనె అందించే ఆయిల్-ఎయిర్ పద్ధతిలో నూనె ధారగా పొయ్యరు. మా పంపు అయిదు నిమిషాలకోసారి 30 ఘన మిల్లీమీటర్లు, అంటే నిండు చుక్క కూడా కాదు, ట్యూబులోకి వదులుతుంది. గాలి దాన్ని గోడ వెంబడి సన్నటి చారలుగా నెట్టుకుపోతుంది, పొగలా తుంపర లేవదు. జారే రెండు లోహాల మధ్య ఆ కాస్త పొర నిలిస్తే అరుగుదల తగ్గుతుంది. ఎక్కువైతే మేలు కాదు, వేగంగా తిరిగే బేరింగులో నూనె చిలకడంతోనే వేడి పుడుతుంది. ఇదంతా చెప్పి, "ఒక్క చుక్క కూడా కనపడదండీ" అంటూ నాజిల్ ముందు తెల్లకాగితం పట్టుకుని, వెనకున్నవాళ్లకి అడ్డు రాకూడదని బాగా ఒంగి, గాలి తిప్పమన్నాను.

ఏమీ రాలేదు. కాగితం తెల్లగానే ఉంది. వెనకాల ఎవరో దగ్గారు. ఇలాంటప్పుడు మనిషికి పనికిమాలినవన్నీ గుర్తొస్తాయి. 1883 ప్రాంతంలో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు బేరింగుల మీద ప్రయోగాలు చేస్తుంటే పైనున్న రంధ్రంలోంచి నూనె పొంగిందట, కార్కు బిరడా పెడితే ఊడొచ్చింది, చెక్కది బిగిస్తే అదీ ఊడొచ్చింది, నూనె పొరలో అంత పీడనం ఉంటుందని అలా బయటపడింది, 1886లో రెనాల్డ్స్ అనే శాస్త్రవేత్త దానికి సమీకరణం కూడా రాసిపెట్టాడు. ఆయనకి బిరడా ఎగిరితే శాస్త్రం పుట్టింది. నాకేమో "సార్, వాల్వు పూర్తిగా తిప్పనా?" అన్న మాట వినపడింది, కాగితం చిరిగింది, ట్యూబులో ఉన్నదంతా ఒక్క పెట్టున మొహం మీదికి వచ్చింది.

కళ్లద్దాలుండబట్టి కళ్లు దక్కాయి. మిగతాదంతా ఆముదం తాగిన మొహమే, కాకపోతే పైనుంచి.

సంగతేంటంటే, కరెంటు ఆదా అని పై ఆఫీసు ఆర్డరు వేసింది, దాంతో సాయంత్రం ఆరింటికల్లా కంప్రెసర్ గాలి కట్టేస్తున్నారు. పంపు టైమర్ ఆపమని అందులో లేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. పొద్దున పదింటిదాకా గంటకి పన్నెండు షాట్లు, లెక్క కడితే దాదాపు ఆరు మిల్లీలీటర్లు, మా సన్న ట్యూబుని మీటరు పైన నింపేస్తాయి. లోపల చూడొచ్చని పారదర్శకమైన ట్యూబే వేస్తారు, నిజమే, కానీ చారలు కదిలితేనే తెలుస్తుంది. నిండా ఉన్నా, బొత్తిగా ఖాళీ అయినా చూడ్డానికి ఒకటే.

గాలి లేకపోతే పంపు ఆగేలా ప్రెజర్ స్విచ్ కావాలని ఎప్పుడో రాసిచ్చాం. ఆ కాగితం సంతకాల కోసం ఇంకా తిరుగుతోంది. నూనె వాడకం ఎందుకు పెరిగిందో రాతపూర్వకంగా చెప్పమన్న మెమో మాత్రం మధ్యాహ్నానికే నా టేబుల్ మీదుంది.

నిన్న సాయంత్రం మళ్లీ గాలి కట్టేశారు.