గాలికి జీతం ఎవరిస్తారు?

సెలవు దొరికితే పడుకునేవాళ్ళు నానాటికీ తగ్గిపోతున్నారు. దీన్ని నాగరికత సాధించిన ప్రగతిగానే భావించాలి. మెత్తని కుర్చీలో కాళ్ళు చాపుకుని సముద్రాన్ని చూసే పాత పద్ధతిని చదువుకున్నవారు ఒక్కొక్కరే విడిచిపెట్టి, అదే సముద్రాన్ని వరుసగా అయిదారు రోజులపాటు, రోజుకు ఇరవై కిలోమీటర్ల చొప్పున, ముఖం మీద ఇసుక కొట్టించుకుంటూ నడిచి చూసే పద్ధతికి మారుతున్నారు. హోటల్ లేని, రోడ్డు లేని, చెట్టయినా నిటారుగా నిలబడలేని తీరమైతే మరీ శ్రేష్ఠం. అక్కడ ఏమీ లేకపోవడమే విశేషం కనుక, ఆ లేమికి తగిన రుసుము వసూలు చేసే సంస్థలు కూడా వెలిశాయి. ఈ ఏర్పాటులో దారి చూపేవారికి, బస ఇచ్చేవారికి, బూట్లు అమ్మేవారికి, మోకాళ్ళకు కట్టుకునే పట్టీలు తయారుచేసేవారికి తలా ఒక వాటా ఉంది. అసలు పనంతా చేసిన గాలికి మాత్రం పైసా దక్కడం లేదు. ఈ అన్యాయం మీద ఇంతవరకూ ఎవరూ నోరు విప్పకపోవడం విచారకరం.

ఇంతకీ తీరాన్ని కాపాడింది ఎవరు అని అడిగితే ప్రభుత్వం, చట్టం, ప్రజా చైతన్యం అని మూడు సమాధానాలు వస్తాయి. మూడూ సభల్లో చెప్పుకోవడానికి బాగుంటాయి. పోర్చుగల్ నైరుతి మూలకు వెళ్ళి నిలబడితే మాత్రం నాలుగో పేరు వినిపిస్తుంది, అదీ చెవులు గింగురుమనేలా. అక్కడ వేసవి పొడవునా ఉత్తరం నుంచి వీచే గాలిని నొర్తాద అంటారు. అది తీరం వెంబడి ఉన్న పైపొర నీటిని సముద్రంలోకి నెట్టేస్తుంది; ఖాళీ అయిన ఆ చోటికి అడుగు నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఆ నీటితో వచ్చే పోషకాలను నమ్ముకుని సార్డీన్ చేపలు బతుకుతాయి. ఆ నీటి చల్లదనం తగిలి, ఈత దుస్తుల్లో ఉత్సాహంగా దిగిన మనిషి మోకాలి లోతులోనే మనసు మార్చుకుంటాడు. పైన ఎండ మాడుస్తుంటే కింద నీళ్ళు జివ్వుమంటాయి, మధ్యలో గాలి గొడుగు లాక్కుపోతుంది. ఇలాంటి చోట ఎనిమిది అంతస్తుల హోటల్ కట్టడానికి ఏ పెట్టుబడిదారుకు ధైర్యం చాలుతుంది? సావో విసెంతె అగ్రం దాటి తూర్పుకు మళ్ళితే కొండల చాటున అదే గాలి నెమ్మదిస్తుంది, నీరు కాస్త వెచ్చబడుతుంది, అల్గార్వ్ దక్షిణ తీరం మొదలవుతుంది. ఇక అక్కడి నుంచి హోటళ్ళు, గోల్ఫ్ మైదానాలు, వరుసలు తీరిన గొడుగులు. దేశం ఒకటే, ఎండా ఒకటే.

నైరుతి తీరాన్ని 1995లో ప్రకృతి ఉద్యానవనంగా ప్రకటించిన మాట నిజమే, ఆ చట్టాన్ని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ ఉద్యానవనం హద్దుల్లోనే, ఒడెమీరా ప్రాంతంలో, బెర్రీ పళ్ళు పండించే ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్‌లు బారులు తీరి కనిపిస్తాయి. చట్టం ఆపలేనిది ప్లాస్టిక్, గాలి ఆపగలిగింది కాంక్రీటు. ఇద్దరిలో పనిమంతుడు ఎవరో పాఠకులే తేల్చుకోవచ్చు. చట్టానికి అమలు చేసే యంత్రాంగం, కార్యాలయాలు, జీతభత్యాలు ఉన్నాయి. గాలి రాత్రింబవళ్ళు కాపలా కాస్తుంది, సెలవు పెట్టదు, లంచం పుచ్చుకోదు, అర్జీలకు కరగదు.

నడక దారుల చరిత్ర చూసినా ఈ జీతం గొడవే ముందుకు వస్తుంది. ఇంగ్లండ్ నైరుతి కొస చుట్టూ మైన్‌హెడ్ నుంచి పూల్ హార్బర్ దాకా 1,014 కిలోమీటర్ల మేర సాగే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్‌ను నడుస్తూ, ప్రతి మలుపులోనూ ఒక కొత్త దృశ్యాన్ని ఆవిష్కరించిన ఆ రసజ్ఞుడెవరో అని ముచ్చటపడేవారు ఉన్నారు. ఆ రసజ్ఞుడు తీర రక్షక భటుడు. దొంగసరుకు దింపే స్మగ్లర్లను పట్టుకోవడం కోసం ప్రతి చిన్న కయ్యలోకీ, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు ఒంపులోకీ, తొంగిచూడవలసిన నిర్బంధం వల్ల అతడు అంచు వెంబడే నడిచాడు. దారి అలా పడింది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరాన్ని చుట్టివచ్చే బాట కూడా 1791లో కస్టమ్స్ సిబ్బంది గస్తీ కోసం ఏర్పడినదే. ఆ భటులు వానలో, చీకట్లో, తిట్టుకుంటూ నడిచి ఉంటారు, అయినా నెల తిరిగేసరికి జీతం అందేది. నేటి యాత్రికుడు అదే దారిన, అదే వానలో, తానే ఎదురు డబ్బు కట్టి నడుస్తున్నాడు. పైగా స్మగ్లర్లు కూడా లేరు. గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకోవడం అంటారే, దాన్ని ఒక పరిశ్రమగా తీర్చిదిద్దిన ఘనత మన కాలానిది.

భటుడి కర్తవ్యనిష్ఠకు ఫలితం మన పిక్కల మీద పడింది. కయ్య కనిపించినప్పుడల్లా అతడు దిగాడు కాబట్టి మనమూ దిగాలి. దిగినవాడు ఎక్కక తప్పదు. సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ మొత్తం నడిస్తే ఎక్కవలసిన ఎత్తు సుమారు 35,000 మీటర్లు, అంటే దరిదాపు నాలుగు ఎవరెస్టులు. సముద్రమట్టాన్ని ఆనుకుని సాగే దారి ఇంత ఎత్తు ఎక్కించగలగడం పరిపాలనా నైపుణ్యం తప్ప మరేమీ కాదు.

ఇక్కడ సామాను ప్రస్తావన తేవాలి. నడక యాత్ర అంటే మనిషి, వీపున మూట, ముందు దారి అనుకునే అమాయకులు ఇంకా మిగిలి ఉన్నారు. ఇప్పుడు పొద్దున్నే పెట్టెను బస గుమ్మం దగ్గర పెట్టి వెళితే, ఒక వ్యాను వచ్చి దాన్ని తరువాతి బసకు చేరుస్తుంది. మనిషికి రోజంతా పట్టే దూరం వ్యానుకు పావుగంట. సాయంత్రం చెవుల్లో ఇసుకతో, మడమ మీద పగిలిన బొబ్బతో, ఒక బూటు లోపలా ఒక బూటు బయటా తడిసి యాత్రికుడు కుంటుకుంటూ గది తలుపు తీసేసరికి, పెట్టె పొడిపొడిగా, చక్రాల మీద నిటారుగా నిలబడి అతడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఈ యాత్రలో నిజంగా సెలవు అనుభవించింది ఎవరన్న విషయంలో నాకు సందేహం లేదు.

గాలిని కొలిచే శాస్త్రం కూడా ఈ తీరాలకు న్యాయం చేయలేదు. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫోర్ట్ 1805లో గాలి బలాన్ని సున్నా నుంచి పన్నెండు దాకా మెట్లుగా విభజించాడు. ఓడ ఎన్ని తెరచాపలు విప్పగలదన్నదే అతడి కొలమానం. నేల మీద బతికేవారి కోసం గుర్తులు తరువాతి కాలంలో చేర్చారు. ఆరో మెట్టులో, అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్ల వేగంలో, గొడుగు పట్టుకోవడం కష్టమవుతుంది. ఏడో మెట్టులో చెట్లు మొత్తంగా ఊగుతాయి, గాలికి ఎదురు నడవడం ఇబ్బంది అనిపిస్తుంది. ఎనిమిదిలో కొమ్మల చివళ్ళు విరుగుతాయి, నడక ముందుకు సాగదు. తొమ్మిదిలో ఇంటి పైకప్పు పలకలు లేస్తాయి. అంతా బాగుంది కానీ మన తీరంలో చెట్లు లేవు, ఇళ్ళు లేవు, గొడుగు మొదటి రోజే పోయింది. ఇక కొలమానంగా మిగిలింది యాత్రికుడే. కనుక ఆరో మెట్టు దగ్గర టోపీ పోతుందని, ఏడో మెట్టు దగ్గర పటం రెండు ముక్కలై దక్షిణ భాగం దక్షిణానికే ఎగిరిపోతుందని, ఎనిమిదో మెట్టు దగ్గర ముందు నడిచే భర్తకు వెనక నుంచి భార్య చెప్పేది ఒక్క ముక్కా వినిపించదని సవరణలు చేయాలి. ఈ చివరి గుర్తు చాలా కాపురాలకు మేలు చేస్తుందని అనుభవజ్ఞులు అంటారు. గాలి వేగం రెట్టింపైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలు అవుతుందన్న సంగతి పాఠ్యపుస్తకంలో చదివి మరిచిపోయినవారికి ఆ పాఠం ఇక్కడ ఉచితంగా పునశ్చరణ అవుతుంది.

గాలి చేతిపని చూడాలంటే తీరం మీది ముళ్ళపొదల దగ్గర ఆగాలి. అవి సముద్రానికి వీపు తిప్పి, తల నేల వైపు వాల్చి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు ఒకే దిశకు పెరుగుతాయి. గాలి వాటిని వంచేసిందని అందరూ అనుకుంటారు. అసలు జరిగేది ఏమిటంటే, గాలి మోసుకొచ్చే ఉప్పు తుంపర సముద్రం వైపు మొగ్గల్ని చంపేస్తుంది. చాటున ఉన్న మొగ్గలు మాత్రమే బతికి అటువైపే సాగుతాయి. వేరే ఎక్కడైనా ఇంత శ్రద్ధగా పొదలు కత్తిరించే తోటమాలికి ఎంత ఇస్తారో కనుక్కోండి.

ఇసుక సంగతి వేరు. మెత్తని ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే 2.1 నుంచి 2.7 రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుందని 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. అంటే ఇసుక తిన్నెల మీద ఇరవై కిలోమీటర్లు నడిచినవాడు నలభై రెండు నుంచి యాభై నాలుగు కిలోమీటర్ల కష్టం పడ్డట్టు. ఈ గుణకారం తెలిశాక మిత్రుల దగ్గర ఏ సంఖ్య చెప్పాలన్నది ఎవరి అంతరాత్మకు వారే సమాధానం చెప్పుకోవలసిన విషయం.

ఇంత చేసిన గాలికి యాత్రికులు ఇచ్చే ప్రతిఫలం ఫిర్యాదు. 'దృశ్యాలు అద్భుతం, దారి చక్కగా ఉంది, కానీ గాలి ఎక్కువ' అని రాసి ఒక నక్షత్రం తగ్గించేవారిని చూస్తే జాలి వేస్తుంది. ఆ దృశ్యాలు మిగిలింది గాలి వల్లనేనని వీరికి ఎవరు చెప్పాలి? నొర్తాద వీపున ఉండేలా పోర్చుగల్ నైరుతి తీరం వెంబడి సాగే జాలర్ల బాట అనే నడక దారిని ఉత్తరం నుంచి దక్షిణానికి నడవమని తెలిసినవారు సలహా ఇస్తారు. స్వతంత్ర భావాలు గలవారు దక్షిణం నుంచి బయలుదేరి, దారిలో ఎదురుపడే ప్రతి ఒక్కరికీ గాలి మీద చాడీలు చెబుతారు. ఎదురుపడినవాడికి గాలి వీపున ఉంది కనుక అతడికి అది పిల్లగాలిలా తోస్తుంది, ఇద్దరికీ ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం కుదరదు.

మనుషుల మీద ఫిర్యాదులు ఇంకొక రకం. ఎవరూ అడుగుపెట్టని తీరాన్ని చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ అక్కడ మిగతావారు అడుగుపెట్టడం నచ్చదు. కొండ అంచున ఫోన్ పట్టుకుని, నీలి రంగు జాకెట్ వేసుకున్న మనిషి ఫోటోలోంచి తప్పుకునేదాకా ఓపికగా నిలబడతారు. ఆ నీలి జాకెట్ మనిషి కూడా అటువైపు తిరిగి వీరు తప్పుకోవడం కోసమే నిలబడి ఉంటాడు. మానవ స్పర్శ లేని ఈ ప్రకృతిలో దారి తప్పకుండా కర్ర కర్రకూ ఆకుపచ్చ, నీలం రంగు గీతలు కావాలి, రెండు గంటలకు ఒక కాఫీ దుకాణం కావాలి, మరుగుదొడ్డి శుభ్రంగా ఉండాలి. తిన్నెల్లోని ఇసుకను వేళ్ళతో పట్టి ఉంచే గడ్డి మీద నుంచి అడ్డదారిన నడిచి, అది చచ్చి తిన్నెకు గుంట పడితే, గాలి ఇసుకను కోసేస్తోందని ఆ నేరమూ గాలి మీదే మోపుతారు. నాకు తెలిసినంతలో ఆ పోర్చుగల్ తీరం మీద ఇతరుల రాకను పట్టించుకోనివి సర్దావ్ అగ్రం దగ్గర సముద్రపు బండల కొన మీద గూళ్ళు కట్టుకునే తెల్ల కొంగలు మాత్రమే. హోరుగాలిలో, అలల తుంపరలో పిల్లల్ని పెంచే ఆ పక్షులు గాలి గురించి ఏ ఫిర్యాదూ నమోదు చేసిన దాఖలా లేదు.

కాబట్టి గాలిని తీర పరిరక్షణ అధికారిగా లాంఛనంగా నియమించాలని ప్రతిపాదిస్తున్నాను. జీతం దాని చేతికి ఇవ్వడం కుదరదు కనుక, ఆ సొమ్మును అది కాపాడిన తిన్నెల మీద, విరిగిపడుతున్న అంచుల మీద ఖర్చు చేయవచ్చు. ఇంగ్లండ్‌లో 2009 నాటి చట్టం, సముద్రం కొండ అంచును కోసేసినప్పుడు నడక దారి కూడా అంతమేర లోపలికి జరిగే వీలు కల్పించింది; దారికే వెనక్కి తగ్గే హక్కు ఇచ్చినవారు గాలికి ముందుకు వచ్చే హక్కు ఇవ్వడానికి జంకనవసరం లేదు. ఫ్రాన్స్‌లో 1976 నాటి చట్టం తీరం పొడవునా పాదచారికి మూడు మీటర్ల వెడల్పు హక్కు రాసిచ్చింది. గాలికి ఆ మూడు మీటర్లు చాలవు గానీ ఆరంభంగా ఒప్పుకోవచ్చు. యాత్ర రుసుములో గాలిని ఒక ప్రత్యేక పద్దుగా చూపించి, అది వీచని రోజున ఆ భాగాన్ని యాత్రికుడికి తిరిగి చెల్లించాలని కూడా కోరుతున్నాను. యాత్రా సంస్థలు ఈ చివరి షరతుకు అంగీకరించవని నాకు తెలుసు. తమ ప్రకటనల కోసం అవి ఎంచి ఎంచి ముద్రించే ఫోటోల్లో, అంత ఎత్తైన కొండ అంచున చేతులు చాచి నిలబడిన వనిత జుట్టులో ఒక్క వెంట్రుకైనా కదలదు.