ఆర్డరు వేసే అధికారం లేని చోట

రాజమండ్రిలో ఒక చిన్న కంపెనీకి మనుషుల్ని ఎంపిక చేసే పని నాది. సంక్రాంతి వెళ్ళిన వారానికి అంబాజీపేట వైపు నుంచి ఒక కుర్రాడు సూపర్‌వైజర్ పోస్టుకి వచ్చాడు. "పదిమందిని నడిపించిన అనుభవం ఏమైనా ఉందా?" అని అడిగాను. "ఆయ్, లేదండి. రెండేళ్ళనుంచీ కింద పనేనండి" అన్నాడు. కాగితం మీద సున్నా చుట్టేశాను. లేచి వెళ్ళబోతుంటే కుడి భుజం దగ్గర చొక్కా లోంచి కట్టు కనిపించింది. ఏమిటది అంటే, ప్రభ మోసినప్పుడు ఒరుసుకుపోయిందన్నాడు. ప్రభ అంటే వెదురుగడలతో ఎత్తుగా కట్టి, రంగు గుడ్డలతో అలంకరించి, దేవుణ్ణి ఉంచి భుజాల మీద ఊరేగించేది. మోయడం ఒక్కటే కాదట. మూడేళ్ళుగా వాళ్ళ ఊరి ప్రభకి ఎవరు ఎప్పుడు భుజం మార్చాలో చూసేది అతనేనట.

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళ ప్రభలు కలుస్తాయి. దీన్నే ప్రభల తీర్థం అంటారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ తీర్థమే. టీవీలో చూసినవాళ్ళకి రంగులు కనిపించి ఉంటాయి. అసలు సంగతి దారిలో అడ్డొచ్చే కౌశిక అనే పాయ గట్టు మీద నిలబడితే తెలుస్తుంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఆ నీళ్ళలో దిగి అవతలి ఒడ్డుకి రావాలి. అడుగున బురద, నెత్తిన వెదురుగడల బరువు, చుట్టూ డప్పులు, అరుపులు. అందులో ఎవడి మాట ఎవడికి వినిపిస్తుంది? అదే అడిగాను. "మాటలు పనికిరావండి. నేను ప్రభ వంక చూడనండి, మొహాల వంక చూస్తానండి. పళ్ళు బిగించినోణ్ణి ముందు తప్పించి పక్కోణ్ణి పెడతానండి. తప్పించినట్టు ఆడికి తెలీకూడదండి, తెలిస్తే పౌరుషానికి పోతాడండి" అన్నాడు.

నేను హాజరైన మేనేజ్‌మెంట్ శిక్షణల్లో ఇంత పనికొచ్చే మాట ఇంకొకటి వినలేదు. కాగితం మీద చుట్టిన సున్నాని చెరిపేశాను. తప్పు కుర్రాడిది కాదు, నా ప్రశ్నది. అనుభవం అనగానే జీతం వచ్చే చోటే వెతకమని మనందరికీ అలవాటు చేశారు.

ఆఫీసులో నాయకత్వం ఎంత ఉందో తేల్చడం కష్టం. నెలాఖరున జీతం ఆపగలిగేవాడి మాట ఎవరైనా వింటారు. అది గౌరవమో భయమో ఆయనకే తెలీదు. ప్రభ మోసేవాడు అలా కాదు. కోపం వస్తే భుజం తీసేసి గట్టెక్కి ఇంటికి పోతాడు. అలా పోగలిగిన మనిషిని పోకుండా నిలబెట్టడం వేరే విద్య. ఆ విద్యకి మన డెల్టాలో కొదవ లేదు.

నీళ్ళ సంగతే చూడండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచీ ఈ గడ్డ మీద ఎగువ రైతుకీ శివారు రైతుకీ తగువు ఉంది. ధవళేశ్వరం కింద ఇవాళ దాదాపు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. 1997లో వచ్చిన చట్టంతో నీటి సంఘాలు ఏర్పడ్డాయి. 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. కాగితం మీద సంఘం అధ్యక్షుడికి తీర్మానాలున్నాయి, పూడిక తీసే పనులున్నాయి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు చాలక వంతులు పెట్టినప్పుడు, అర్ధరాత్రి ఎగువ రైతు బోదెకి (పిల్లకాలువకి) అడ్డం గడ్డిమోపు వేస్తే ఏ తీర్మానమూ లేచి రాదు. కాలువ చూసుకునే లష్కర్ ఒక్కడు ఎన్ని తూముల దగ్గర కాపలా కాస్తాడు? తెల్లారి ఆ రైతు అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, వాళ్ళబ్బాయి చదువు సంగతి అడిగి, ఆఖర్న మోపు మాట ఎత్తే మనిషి కావాలి. ఆ మనిషి ఉన్న చోట శివారు చేను పండుతుంది. అతను అధ్యక్షుడే కానక్కర్లేదు, చాలా ఊళ్ళలో కాదు కూడా.

2011 సార్వాలో (ఖరీఫ్‌లో) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి పెరిగి, గిట్టుబాటు లేక, మురుగు కాలువలు పూడిపోయి, కూలీలు దొరక్క విసిగి పొలాలు వదిలేశారు. చివరికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ఆ నిర్ణయం తప్పో ఒప్పో ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకు ఆశ్చర్యం వేరే. నాట్లు వెయ్యకుండా ఉండమని రైతుకి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయినా ఊరి వెంట ఊరు ఆ మాట మీద నిలబడిందంటే, ఆ వేసవిలో గట్ల మీదా అరుగుల మీదా ఎంత ఓపిగ్గా మాట్లాడి ఉంటారో.

ఇక డ్వాక్రా. దీన్ని అప్పుల పథకంగానే చూసేవాళ్ళంటే నాకు చికాకు. పది, పదిహేను మంది ఆడవాళ్ళు, ఒక మొదటి నాయకురాలు, ఒక రెండో నాయకురాలు, పైన గ్రామ సమాఖ్య, ఆపైన మండల సమాఖ్య. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. పంచసూత్రాలంటారు వీటిని. ముమ్మిడివరం దగ్గర మా పిన్ని వాళ్ళ సంఘం మీటింగుకి ఒకసారి వెళ్ళాను. ఒకామె రెండు వాయిదాలు కట్టలేదు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మా పిన్ని రెండో నాయకురాలు. పుస్తకం తెరిచి అందరి పేర్లూ చదువుతూ, ఆమె పేరు దగ్గర ఆగకుండా, గొంతు మార్చకుండా బాకీతో సహా చదివేసి తరవాతి పేరుకి వెళ్ళిపోయింది. మీటింగు అయ్యాక ఆమెతో కలిసి ఇంటిదాకా నడిచింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. "నీకెందుకురా" అంది. పై వారం సగం డబ్బులు వచ్చాయట.

అంతా ఇలాగే ఉందని చెప్తే అబద్ధమవుతుంది. కమిటీల్లో సగం ఫ్లెక్సీల కోసమే పుడతాయి. గౌరవాధ్యక్షుడు, గౌరవ సలహాదారు, ముఖ్య సలహాదారు. పండగ అయ్యాక ఫ్లెక్సీ కోళ్ళగూటి మీదకి వెళ్తుంది, అనుభవం ఎటూ వెళ్ళదు. ఎన్నికైనది భార్య అయితే మీటింగుకి వచ్చేది భర్త. విద్యా హక్కు చట్టం బడి కమిటీల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలంది. సంతకానికి మాత్రం పిలిస్తే ఆ సగం లెక్క దేనికి? ఏ వీధి వాళ్ళని కమిటీలోకి పిలుస్తారు, ఏ వీధి వాళ్ళ దగ్గర చందా మాత్రమే వసూలు చేస్తారు అన్నది మన ఊళ్ళలో అందరికీ తెలిసిన రహస్యమే. అవకాశం అందరికీ ఒక్కలా లేదు. అందుకే డ్వాక్రాకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అరుగు మీద చోటు లేనివాళ్ళకి అక్కడ కుర్చీ దొరికింది.

ఉద్యోగం చేసుకుంటూ ఇలాంటి పని వెతుక్కునే కుర్రాళ్ళు, అమ్మాయిలు నన్ను అడిగితే, అధ్యక్ష పదవి వద్దు, లెక్కలు అడగండి అంటాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో మా వీధి వినాయక చవితికి చందాల పుస్తకం నా చేతికి ఇచ్చారు. నిమజ్జనం అయ్యాక చూస్తే 1,100 రూపాయలు తేలలేదు. దొంగతనం లేదు, డీజిల్‌కి ఇచ్చింది రాసుకోలేదు, అంతే. జేబులోంచి వేసి మూసేద్దామనుకున్నాను. మా వీధి పెద్దాయన ఒకరు వద్దన్నారు. "తేడా ఉందని చదువు, ఎందుకో చెప్పు, ఆ తరవాత నీ డబ్బులు వేసెయ్" అన్నారు. మైకు పట్టుకుని ముప్ఫై కుటుంబాల ముందు చదివాను. కాళ్ళు వణికాయి. ఉద్యోగంలో తర్వాత ఎన్ని తప్పులు ఒప్పుకున్నా అంత భయం మళ్ళీ వెయ్యలేదు.

చిన్న జాగ్రత్త ఒకటుంది. కమిటీ ముసుగులో పార్టీ పని నడిచే చోట్లు ఉంటాయి. ప్రభుత్వోద్యోగులు వాటికి దూరంగా ఉండాలి, ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. మిగతావాళ్ళు కూడా ఆలోచించుకుని వెళ్ళడం మంచిది.

ఇంటర్వ్యూలో నా ప్రశ్న ఇప్పుడు మార్చాను. "మీ మాట వినక్కర్లేనివాళ్ళు మీ మాట ఎప్పుడైనా విన్నారా?" అని అడుగుతున్నాను. చాలామంది బిక్కమొహం వేస్తారు. కొందరు కాలేజీ ఫెస్ట్ గురించి చెప్తారు, అది కూడా మంచిదే. మొన్న ఆత్రేయపురం నుంచి వచ్చిన ఒకమ్మాయి కాసేపు ఆలోచించి, "విన్లేదండి" అంది. వాళ్ళ లంకలో వరదప్పుడు పాకల్లోంచి ముసలాళ్ళని ముందురోజే కదిలిద్దామని ఇల్లిల్లూ తిరిగిందట. ఒక్కరూ కదల్లేదట. మర్నాడు నీళ్ళు వాకిట్లోకి వచ్చాక పడవ వేయించిందట.

"మరి ఈసారి ఏం చేస్తావమ్మా?" అన్నాను.

"ముందు గేదెల్ని గట్టు మీదకి తోలిస్తానండి. గేదె ఎక్కడుంటే మా ముసల్ది అక్కడికి వచ్చేస్తదండి."