రక్తం పలచబడే మందు, ఫార్మసిస్టు: ఆ వాట్సాప్ మెసేజ్‌లో తప్పు ఎక్కడుందంటే

కొన్ని రోజులుగా మా బంధువుల గ్రూపులో, కాలనీ గ్రూపులో, పాత క్లాస్‌మేట్స్ గ్రూపులో ఒకే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "రక్తం పలచబడే మందు వాడే గుండె పేషెంట్లను చూసుకోవడానికి ఫార్మసిస్టులకు ట్రైనింగ్ ఇవ్వాలట. బిళ్ళలు అమ్మేవాళ్ళ చేతిలో ప్రాణాలు పెడతారా? కొత్త మందులొచ్చాయి, వాటికి రక్తపరీక్షే అక్కర్లేదు. పాత మందు వాడేవాళ్ళు ఆకుకూరలు మానేస్తే చాలు. డోసు సంగతి డాక్టర్ చూసుకుంటారు. ఇదంతా విదేశాల నుంచి తెచ్చిన ఫ్యాషన్."

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుని. గుండె వాల్వు మార్పించుకున్నవాళ్ళతో రోజూ మాట్లాడటమే నా పని. మంచి చేస్తున్నామనుకునే ఈ మెసేజ్‌ని ఫార్వర్డ్ చేస్తున్నారు, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"డోసు సంగతి డాక్టర్ చూసుకుంటారు." ముందు దీని సంగతి చూద్దాం. ఏ మందు వాడాలో, ఎంతకాలం వాడాలో, ఐఎన్ఆర్ ఎంత ఉండాలో తేల్చేది డాక్టరే. అందులో ఎవరికీ పేచీ లేదు. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చెప్పే లెక్క. ఈ మందు వాడనివాళ్ళలో అది 1 దగ్గర ఉంటుంది. గుండె దడతో, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బుతో, ఈ మందు వాడేవాళ్ళకు సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉండాలి. మైట్రల్ స్థానంలో, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య, లోహపు వాల్వు ఉంటే 2.5 నుంచి 3.5. అంతకన్నా తగ్గితే వాల్వు మీద గడ్డ కట్టవచ్చు, పక్షవాతం రావచ్చు. బాగా పెరిగితే లోపల రక్తస్రావం. మన దగ్గర ఎక్కువమంది వాడేది అసినోకౌమరాల్, కొందరు వార్ఫరిన్. రెండూ ఇలా కొలుచుకుంటూ వాడాల్సిన మందులే. మెసేజ్‌లో పాత మందు అన్నది వీటినే.

మరి ఒక ఓపీకి, ఇంకో ఓపీకి మధ్య నెల రోజులుంటాయి. ఆ నెలలో జ్వరం వస్తుంది, విరేచనాలవుతాయి, పన్ను నొప్పి పుడుతుంది. అప్పుడు మనిషి వెళ్ళేది వీధి చివరి మెడికల్ షాపుకే.

వికారాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. నలభై ఏళ్ళుంటాయి. మైట్రల్ వాల్వు మార్చారు. ఏడాదిగా ఐఎన్ఆర్ గీత గీసినట్టు నిలకడగా ఉంది. ఆ రోజు 7 దాటింది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది, ముంజేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు. ప్లాస్టిక్ కవర్లోంచి తన మందులన్నీ టేబుల్ మీద గుమ్మరించింది. వాల్వు బిళ్ళ స్ట్రిప్‌ను కత్తెరతో ముక్క చేసి ఇచ్చారు. పేరు లేదు, ఎన్ని మిల్లీగ్రాములో లేదు. పక్కనే కాగితంలో చుట్టిన ఇంకో రెండు రకాల బిళ్ళలు. చూస్తే ఒకటి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, రెండోది డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ.

"పన్ను నొస్తే షాపుల అడిగి తెచ్చుకున్న మేడమ్. వాల్వు గోలి ఏస్కుంటున్నవా అని ఎవ్వరు అడగలే" అంది.

మెట్రోనిడజోల్ ఈ మందును ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. డైక్లోఫెనాక్ పొట్టలో పుండు చేసి, అక్కడ రక్తం కారేలా చేయగలదు. రెండూ కలిపి ఇవ్వడమంటే ఏమిటో షాపులో ఉన్న మనిషికి తెలియదు. తెలిసి ఉంటే ఒక్క ప్రశ్న అడిగేవాడు. ఆవిడ అదృష్టవశాత్తూ కోలుకుంది. ఆ ప్రశ్న అడగడం నేర్పించడాన్నే ఈ మెసేజ్ వద్దంటోంది.

"బిళ్ళలు అమ్మేవాళ్ళ చేతిలో ప్రాణాలు పెడతారా?" ఈ కోపంలో నిజముంది. గోడ మీద వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో నిలబడేది ఇంకొకరు. చాలా షాపుల్లో ఇదే పరిస్థితి. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కానివాళ్ళు ప్రిస్క్రిప్షన్ మందులు ఇవ్వకూడదని 1948 నాటి ఫార్మసీ చట్టమే చెబుతోంది. అది అమలు కావాలని నేనూ గట్టిగా అడుగుతున్నాను. కానీ దానికి విరుగుడు ట్రైనింగ్ ఆపడం కాదు గదా. ప్రాణాలు ఇప్పటికే ఆ కౌంటర్ మీదే ఉన్నాయి. అక్కడ నిలబడే మనిషికి తెలిసుండాలా, తెలియకుండా ఉండాలా అన్నదే ప్రశ్న.

పైగా ఫార్మసిస్టులందరూ షాపులో కూర్చునేవాళ్ళు కాదు. 2008 నుంచి మన దేశంలో ఫార్మ్ డి కోర్సు ఉంది. ఆరేళ్ళ చదువు, అందులో చివరి ఏడాది ఆసుపత్రి వార్డుల్లో ఇంటర్న్‌షిప్. వాళ్ళకైనా ఈ మందు మీద విడిగా ట్రైనింగ్ కావాలంటాను, నాకూ కావాల్సి వచ్చింది కాబట్టి.

అందులో ఏం నేర్పుతారంటే, ముందు వారం లెక్క. రోజుకు 2 మిల్లీగ్రాములు వేసుకునే మనిషికి ఐఎన్ఆర్ కాస్త తగ్గిందని రోజూ 3 వేసుకోమంటే ఒక్కసారిగా సగం పెంచినట్టే. అదే వారంలో ఒక్క రోజు మాత్రం 3 వేసుకోమంటే, వారం మొత్తం 14 మిల్లీగ్రాములు కాస్తా 15 అవుతుంది. చాలాసార్లు అంతే సరిపోతుంది. కొన్నిసార్లు అదీ అక్కర్లేదు, "రెండు రోజులు బిళ్ళ మర్చిపోయారా?" అని అడిగితే అసలు విషయం బయటపడుతుంది. నోటిపూతకు రాసుకునే మైకొనజోల్ జెల్ కూడా ఐఎన్ఆర్‌ను పెంచుతుందని ఎంతమందికి తెలుసు? టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే ఈ మందు పనితనం పడిపోతుంది, డోసు బాగా పెంచాల్సి వస్తుంది. ఆర్నెల్ల తర్వాత టీబీ మందు ఆపినప్పుడు పాత డోసుకు దించకపోతే ప్రమాదం. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న మన దగ్గర ఈ రెండో సంగతి మర్చిపోవడానికి వీల్లేదు. ఇక తలకు దెబ్బ తగిలినా, నల్లటి విరేచనమైనా, మూతి వంకర పోయినా లెక్కలతో పనిలేదు, వెంటనే క్యాజువాలిటీకి పంపాలి. ఎప్పుడు తన చేతిలోంచి దాటించాలో తెలియడం కూడా ట్రైనింగే.

"కొత్త మందులకు పరీక్షే అక్కర్లేదు." కొందరికి ఇది నిజం. మామూలు గుండె దడకు, కాళ్ళలో గడ్డలకు అపిక్సబాన్, రివరోక్సబాన్ వంటివి బాగా పనిచేస్తాయి, నెలనెలా ఐఎన్ఆర్ అక్కర్లేదు. కానీ లోహపు వాల్వు ఉన్నవాళ్ళకు ఇవి పనికిరావు. డాబిగాట్రాన్ అనే ఇంకో కొత్త మందును వాల్వు పేషెంట్లలో ప్రయత్నించిన అధ్యయనాన్ని గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువవడంతో మధ్యలోనే ఆపేశారు. రుమాటిక్ గుండె జబ్బుతో (చిన్నప్పటి గొంతునొప్పి తర్వాత వాల్వులు పాడయ్యే జబ్బు) గుండె దడ ఉన్నవాళ్ళ మీద జరిగిన ఇన్విక్టస్ అధ్యయనం 2022లో వచ్చింది. 4,500 మందికి పైగా పాల్గొన్నారు. రివరోక్సబాన్ వాడినవాళ్ళకన్నా పాత మందు వాడినవాళ్ళలోనే మరణాలు తక్కువ. మన వార్డుల్లో కనిపించేది ఎక్కువగా ఈ రుమాటిక్ జబ్బే. కొత్త మందులకైనా కిడ్నీల పరీక్ష చూసి డోసు సరిచేయాలి. ఒకటి రెండు పూటలు మర్చిపోతే రక్షణ పోతుంది.

"ఆకుకూరలు మానేస్తే చాలు." దీనివల్ల జరిగే నష్టం నేను ప్రతి వారం చూస్తున్నాను. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. అయితే పూర్తిగా మానేస్తే ఏమవుతుందంటే, ఒంట్లో విటమిన్ కె నిల్వ తగ్గిపోయి, ఎప్పుడో పెళ్ళిలోనో పేరంటంలోనో కాస్త పాలకూర పప్పు తిన్నా ఐఎన్ఆర్ ఊగిపోతుంది. కార్తీక మాసం వస్తే మాంసం మానేసి రోజూ తోటకూర, మునగాకు తినే ఇళ్ళున్నాయి. ఆ నెల ఐఎన్ఆర్ తగ్గుతుంది. ఆ మాసం కాగానే మళ్ళీ పెరుగుతుంది. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: తినండమ్మా, కానీ వారానికి ఎన్నిసార్లు తింటారో అన్నిసార్లే తినండి, మార్చేటట్టయితే ముందు మాకు చెప్పండి. పౌష్టికాహారం అసలే అంతంతమాత్రంగా ఉన్న ఇంట్లో ఆకుకూర కూడా మాన్పించడం అన్యాయం.

"విదేశీ ఫ్యాషన్." న్యూజిలాండ్‌లో మందుల షాపులోనే వేలి మీద సూదితో గుచ్చి ఐఎన్ఆర్ చూసి, డాక్టర్ ముందుగా రాసిచ్చిన నియమాల ప్రకారం ఫార్మసిస్టు డోసు చెబుతాడు. బ్రిటన్, అమెరికాల్లో ఫార్మసిస్టులు నడిపే క్లినిక్‌లు దశాబ్దాలుగా ఉన్నాయి. పద్ధతి బయటిదే, కానీ అవసరం మనది. చిన్నప్పటి గొంతునొప్పితో మొదలై వాల్వులను తినేసే ఆ రుమాటిక్ జబ్బు మనది. తిరువనంతపురంలో తయారుచేసి 1990లో మొదటిసారి అమర్చిన చిత్రా వాల్వు మనది. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయ్యాక కూలిపని చేసుకునేవాళ్ళకూ గుండె ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. లోహపు వాల్వు పెట్టిన ప్రతి మనిషికీ జీవితాంతం ఈ బిళ్ళ తప్పదు.

మెసేజ్ అడగని ప్రశ్న ఒకటుంది, అడగాల్సింది అదే. తప్పు జరిగితే ఎవరు బాధ్యులు? నేను పనిచేసే చోట దీనికి జవాబు కాగితం మీద ఉంది. ఏ ఐఎన్ఆర్‌కు ఫార్మసిస్టు ఎంతవరకు మార్చవచ్చో కార్డియాలజిస్టు సంతకం చేసి ఇచ్చారు. ఆ గీత దాటితే ఫోన్ చేయాల్సిందే, అర్ధరాత్రయినా. ప్రతి మార్పూ పేషెంటు నోట్‌బుక్‌లో తేదీతో, చేసినవాళ్ళ పేరుతో రాయాలి. ఆ వికారాబాద్ ఆవిడ నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీద ఇప్పుడు ఆమె కూతురు పెద్ద అక్షరాలతో మందు పేరు, మిల్లీగ్రాములు రాసిపెట్టింది. కింద ఎర్ర పెన్నుతో: "ఏ మందు కొన్నా ముందు ఈ బుక్ చూపించాలి."