ఆ సినిమాలు దయచేసి మీరు చూడకండి

చాలా బాధతో రాస్తున్నాను. చెత్త సినిమాలు అందరికీ దొరికేస్తున్నాయి.

మామూలు చెత్త గురించి కాదు నా బెంగ, దానికి ఏ కాలంలోనూ కొరత లేదు. కల్ట్ సినిమాలు (కొద్దిమంది మాత్రమే నెత్తిన పెట్టుకునేవి), ఎక్స్‌ప్లాయిటేషన్ సినిమాలు (రక్తం, బూతు, భయం ఎరవేసి చవకగా చుట్టేసినవి) అని మాలాంటి పండితులు పేరు పెట్టుకుని, ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా వెతికి, కాపీకి కాపీకి కాపీ అయిన వీడియో క్యాసెట్‌లో, సబ్‌టైటిల్స్ లేకుండా, హీరో ఎవరో విలన్ ఎవరో గీతల మధ్య ఊహించుకుంటూ చూసిన చెత్త గురించి. ఇప్పుడు అదే సినిమాని ఎవరో కుర్రాడు ఫోన్‌లో పేరు సగం కొట్టి చూసేస్తున్నాడు. మరి నా కళ్లద్దాల పవర్ ఎవరి కోసం పెరిగినట్టు?

ఈ రంగంలో పరువు ఎలా లెక్కిస్తారో బయటివాళ్లకు తెలియదు. సినిమా బాగుందా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. ఎదుటివాడు దాని పేరు విన్నాడా లేదా, అంతే. ఒకప్పుడు నేను 1982 నాటి ఒక టర్కీ సినిమా కథ ఎత్తుకుంటే గది మొత్తం నిశ్శబ్దం అయిపోయేది. పేరుకి ‘లోకాన్ని కాపాడిన మనిషి’ అని అర్థం. హీరో జునేత్ అర్కిన్ హెల్మెట్ పెట్టుకుని అంతరిక్షంలో పోరాడుతుంటే వెనకాల తెర మీద ఆడేది ‘స్టార్ వార్స్’ నుంచి ఎత్తుకొచ్చిన షాట్లు, వినిపించేది ఇండియానా జోన్స్ సంగీతం. ఇప్పుడు నేను ‘టర్కీలో’ అనగానే ‘ఆ, టర్కిష్ స్టార్ వార్సే కదా’ అని పక్కనుంచి అందుకుంటున్నారు. పోనీ అని 1973కి వెనక్కి వెళ్లి, కెప్టెన్ అమెరికా, మెక్సికో కుస్తీవీరుడు ‘ఎల్ శాంటో’ ఇద్దరూ కలిసి ఇస్తాంబుల్‌లో దుర్మార్గుడైన స్పైడర్‌మ్యాన్‌ని పట్టుకునే సినిమా ప్రస్తావన తెచ్చాను. అదీ చూశారట! ఫిలిప్పీన్స్ నుంచి 83 సెంటీమీటర్ల గూఢచారి వెంగ్ వెంగ్‌ని దించాను. ఆయన డైలాగులు అప్పజెప్పారు. మనిషి ఇంక ఎక్కడికని పోతాడు?

నిజానికి మాకు మంచి రోజులు ఇచ్చింది ప్రభుత్వాలే, ఆ కృతజ్ఞత ఇప్పుడైనా చెప్పుకోవాలి. 1980ల్లో బ్రిటన్‌లో ‘వీడియో నాస్టీస్’ (రోత వీడియోలు) అని గోల మొదలై, ఫలానా క్యాసెట్లు సమాజాన్ని పాడుచేస్తున్నాయని ప్రాసిక్యూషన్ శాఖవాళ్లు జాబితా తయారు చేశారు. దానిలోకి వచ్చిపోయినవన్నీ కలిపితే 72. ఏ సినిమా విమర్శకుడూ తన జన్మలో అంత పనికొచ్చే జాబితా ఇవ్వలేదు, ఏం చూడాలో తెలియని కుర్రాళ్లకు అది సిలబస్ అయిపోయింది. పోలీసుల ఉత్సాహం ఎంతదాకా పోయిందంటే, పేరులో వేశ్యాగృహం అన్న మాట ఉందని డాలీ పార్టన్ ఆడిపాడిన కులాసా సినిమాని కూడా పట్టుకుపోయారు. 1984లో దీనికోసం ఒక చట్టమే చేశారు. అయితే ఆ చట్టం గురించి యూరోపియన్ కమిషన్‌కు చెప్పాల్సి ఉండగా చెప్పలేదని, కాబట్టి అది అసలు అమలుచేయదగ్గదే కాదని 2009లో తేలింది. పాతికేళ్లు మేం భయపడుతూ, గర్వపడుతూ తెగించిన నేరం నేరమే కాదన్నమాట. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

నిర్మాతలు కూడా అప్పట్లో ఎంత నీతిమంతులు! 1945లో క్రోగర్ బాబ్ అనే అమెరికన్ ‘మామ్ అండ్ డాడ్’ పేరుతో ప్రసవం దృశ్యం చూపించే సినిమా తీసి, ఊరూరా ఆడవాళ్లకు వేరే ఆట, మగవాళ్లకు వేరే ఆట వేయించాడు. మధ్యలో ఆట ఆపి ‘ప్రముఖ ఆరోగ్య నిపుణుడు ఎలియట్ ఫోర్బ్స్’ ఉపన్యాసం ఇచ్చి పుస్తకాలు అమ్మేవాడు. ఆ ఎలియట్ ఫోర్బ్స్ ఒకే సాయంత్రం ఎన్నో ఊళ్లలో ఉండేవాడు, ఎందుకంటే ఆ పేరుతో అద్దెకు తెచ్చిన నటులు అంతమంది. జనం చెడిపోవడానికి వచ్చి జ్ఞానం కొనుక్కుని వెళ్లేవారు. 2005లో ఆ సినిమాని అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో, అంటే దేశం భద్రంగా దాచుకోవాల్సిన సినిమాల జాబితాలో, చేర్చారు. అదీ మా పతనానికి తొలి మెట్టు. చెత్త మీద ప్రభుత్వ ముద్ర పడ్డాక ఇంక మా పాండిత్యం ఎవరికి కావాలి?

ఆ తర్వాత పాత ప్రింట్లను బాగుచేసి మెరిపించే పునరుద్ధరణ అనే జబ్బు వచ్చింది. ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9’ సంగతి తీసుకోండి. అందులో నటుడు బేలా లుగోసి 1956లో చనిపోయాడు, సినిమాకి చాలినంత ఫుటేజ్ లేదు, దాంతో దర్శకుడు తన భార్యకు వెన్నునొప్పి వైద్యం చేసేవాణ్ని తెచ్చి ముఖానికి దుప్పటిలా అంగీ అడ్డం పెట్టి నడిపించాడు. ఆయన లుగోసి కంటే ఎంత పొడుగో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. మసక ప్రింట్‌లో అది నా పరిశోధన. తళతళలాడే ప్రింట్‌లో అది నీ కళ్లముందే ఉంది, నేను చెప్పేదేముంది? ‘మానోస్’ని కూడా వదల్లేదు. 1966లో ఒక ఎరువుల వ్యాపారి, ఒక్కసారి కీ ఇస్తే 32 సెకన్లకు మించి తిరగని కెమెరాతో తీసిన ఆ ఘోరానికి 2015లో బ్లూ-రే వచ్చింది.

అన్నీ నవ్వుకోదగ్గవే అని కూడా అనను. 1980 నాటి ‘కానిబల్ హోలోకాస్ట్’లో నటులు నిజంగా చచ్చిపోయారని అనుమానం వచ్చి ఇటలీలో కేసు పెడితే, దర్శకుడు వాళ్లు బతికే ఉన్నారని నిరూపించుకోవాల్సి వచ్చింది. ఈ కథ మా వర్గంలో అందరూ చెబుతారు. కెమెరా ముందు జంతువుల్ని మాత్రం నిజంగానే చంపారు, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి అందరం టాపిక్ మారుస్తాం. నేనూ మార్చాను.

ఇక ఉగాండావాళ్లు చేసిన ద్రోహం. కంపాలా మురికివాడ వకలిగాలో నబ్వానా అనే ఆయన, పాత విడిభాగాలు ఏరుకొచ్చి తనే బిగించుకున్న కంప్యూటర్ల మీద 2010లో ‘హూ కిల్డ్ కెప్టెన్ అలెక్స్’ తయారు చేశాడు. సినిమా నడుస్తుంటే ఒక వ్యాఖ్యాత మధ్యమధ్యలో ‘ఇప్పుడు చూడండి’ అన్న ధోరణిలో అరుస్తూనే ఉంటాడు, ఆ సంతోషం ముందు చాలా పెద్ద సినిమాలు నీరసంగా కనిపిస్తాయి. ఇలాంటిదాన్ని నాలాంటివాడు పదేళ్లు వెతికి, కష్టపడి కనిపెట్టి, ఇద్దరికే చూపించాలి. వాళ్లేం చేశారు? వాళ్లే యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టేశారు. నన్ను అడగలేదు.

అందుకే ఈమధ్య నాకు దొరికిన ఒక సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. ఏ దేశానిదో కూడా చెప్పను. చివరి రీలు లేదు, మొదటి అరగంట శబ్దం రాదు, ప్రపంచంలో దాన్ని పూర్తిగా చూసింది నేనొక్కణ్నే అని నాకు గట్టి నమ్మకం. పండితుడన్నవాడికి ఒక సాక్షి అయినా ఉండాలి కాబట్టి, మొన్న రాత్రి నా మేనల్లుణ్ని కూర్చోబెట్టి ఎంతో గంభీరంగా మొదలుపెట్టాను. వాడు రెండు నిమిషాలు చూసి, ‘ఇదా మామయ్యా, దీని రెండో భాగం ఇంకా బాగుంటుంది’ అన్నాడు.

రెండో భాగం ఎక్కడ దొరుకుతుందో మీలో ఎవరికైనా తెలిస్తే, నాకు ఒక్కడికే చెప్పండి.