గేటుకు తాళం వేసిందెవరు? బ్రిటన్ ఇంజనీరింగ్ కార్మిక సంఘం మీద నిందలకు జవాబు

బ్రిటన్ ఇంజనీరింగ్ కార్మికుల సంఘం గురించి ఒక సందేశం చాలా రోజులుగా చేతులు మారుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఆ సంఘానికి సమ్మెలు తప్ప వేరే పని లేదు. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ అడ్డుపడింది. పనిగంటలు తగ్గించింది సంఘం కాదు, ఫోర్డ్ లాంటి యజమానుల మంచితనం. చివరికి పరిశ్రమను ముంచింది." చదివినవాళ్లు నిజమే కాబోలనుకుంటున్నారు. నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

సమ్మెల సంగతి ముందు చూద్దాం. ఈ సంఘం 1851లో అమాల్గమేటెడ్ సొసైటీ ఆఫ్ ఇంజనీర్స్ పేరుతో మొదలైంది. విలియం అలన్, విలియం న్యూటన్ దానికి ముఖ్యులు. ఇక్కడ ఇంజనీరంటే డిగ్రీ చదివినవాడు కాదు. ఫిట్టర్, టర్నర్, మిల్‌రైట్... ఇలా చేతిపని తెలిసినవాళ్లు. చందా వారానికి ఒక షిల్లింగు, అంటే పౌండులో ఇరవయ్యో వంతు. ఆ రోజుల్లో కూలివాడికి అది చిన్న మొత్తమేమీ కాదు. దానికి బదులుగా పని పోతే వారానికి 10 షిల్లింగులు, జబ్బుపడినా 10 షిల్లింగులు వచ్చేవి. ప్రమాదంలో ఇక పని చేయలేని స్థితికొస్తే 100 పౌండ్లు, చనిపోతే అంత్యక్రియలకు 12 పౌండ్లు ఇచ్చేవారు. ముసలితనంలో పెన్షన్ కూడా ఉండేది. బ్రిటన్ ప్రభుత్వం వృద్ధులకు పెన్షన్ చట్టం చేసింది 1908లో. అంతకు అర్ధ శతాబ్దం ముందే ఈ కార్మికులు షిల్లింగు షిల్లింగు కూడబెట్టి ఆ పని చేసుకున్నారు. 1867లో కార్మిక సంఘాల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్ ముందు కూర్చున్నప్పుడు, సమ్మెల వల్ల కార్మికుడికీ యజమానికీ డబ్బు దండగేనని అలన్ స్వయంగా చెప్పాడు. సమ్మెలే పనిగా పెట్టుకున్న సంఘానికి కార్యదర్శి అనే మాటేనా ఇది?

ఆ సంఘం చరిత్రలో అతి పెద్ద పోరాటాలు మూడు. 1852, 1897, 1922. మూడింటిలోనూ గేట్లు మూసింది యజమానులే. వాటిని చరిత్ర లాకౌట్లనే పిలుస్తుంది, సమ్మెలని కాదు.

1852 జనవరిలో జరిగింది చూడండి. రోజూ తప్పనిసరి ఓవర్‌టైం చేయబోమనీ, పీస్ రేటు మీద, అంటే ముక్కకింత అనే కూలికి, పని చేయబోమనీ సంఘం చెప్పింది. లండన్, లాంకషైర్ యజమానులు కట్టగట్టుకుని గేట్లు మూసేశారు. మళ్లీ లోపలికి రావాలంటే ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. దాన్ని కార్మికులు 'డాక్యుమెంట్' అనేవారు. ఏ సంఘంలోనూ సభ్యుణ్ణి కాను, ఇక మీదట కాబోను అని అందులో ఉండేది. ఏప్రిల్ దాకా ఓర్చుకున్నారు. ఇంట్లో గింజలు నిండుకున్నాక చాలామంది సంతకం పెట్టారు. బలవంతపు సంతకానికి విలువేమిటని సంఘాన్ని మాత్రం వదల్లేదు. అదే ఏడాది కొందరు ఆస్ట్రేలియా ఓడ ఎక్కి, గట్టు చేరకముందే, ఆ ఓడ మీదే సంఘానికి శాఖ పెట్టుకున్నారు. ఈ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం అదే.

1897లో ఒక్క విషయం ఒప్పుకోవాలి. లండన్‌లో 8 గంటల పనిదినం కోసం కొన్ని కంపెనీల మీద సమ్మెకు పిలుపిచ్చింది సంఘమే. దానికి జవాబుగా యజమానుల సమాఖ్య ఎక్కడెక్కడో ఉన్న సంఘం సభ్యులను కూడా బయటికి నెట్టింది. జూలై నుంచి జనవరి దాకా నడిచిన ఆ పోరులో సంఘం ఓడిపోయింది. 1920లో మరికొన్ని సంఘాలతో కలిసి అమాల్గమేటెడ్ ఇంజనీరింగ్ యూనియన్ అయ్యింది. 1922లో మళ్లీ లాకౌట్. ఈసారి తగువు ఓవర్‌టైం అవసరమా కాదా తేల్చేదెవరని. 1852 నాటి ప్రశ్నే 70 ఏళ్ల తర్వాత మళ్లీ గేటు దగ్గర నిలబడింది.

ఇక యంత్రాల మాట. ఈ సంఘానికి ముందున్నది 1826లో మాంచెస్టర్‌లో పుట్టిన ఆవిరి యంత్రాల తయారీదారుల సంఘం. యంత్రాలు చేసే వాళ్లనే యంత్రాల శత్రువులంటున్నారు! అసలు గొడవ ఎక్కడొచ్చిందంటే, 1890ల నాటికి క్యాప్‌స్టన్ లేత్‌లు వర్క్‌షాపులు నింపేశాయి. లేత్ అంటే లోహపు ముక్కను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం. క్యాప్‌స్టన్ లేత్ తలకు వరసగా అయిదారు టూల్స్ బిగించి ఉంటాయి. తెలిసినవాడు ఒకసారి సెట్ చేసి పెడితే చాలు, తర్వాత హ్యాండిల్ తిప్పడం నేర్చుకున్నవాడెవరైనా అదే ముక్కను వందలసార్లు తీయగలడు. ఆ లేత్ దగ్గర ఎవరు నిలబడాలి, ఏ కూలికి నిలబడాలి? తగువంతా దీని మీదే. మెషీన్ వద్దన్నదెవరు? మెషీన్ వంకతో కూలి కొయ్యొద్దన్నారు. 1915లో యుద్ధం కోసం నైపుణ్యం లేనివాళ్లనూ ఆడవాళ్లనూ ఆ పనుల్లో పెట్టుకోవడానికి సంఘం ఒప్పుకుంది కూడా. అడ్డుపడడమే దాని స్వభావమైతే ఆ ఒప్పందం ఎలా కుదిరింది?

పనిగంటలు ఎవరి పుణ్యం? 1871లో న్యూకాజిల్ ఇంజనీరింగ్ కార్మికులు రోజుకు 9 గంటల కోసం అయిదు నెలలు పని మానారు. ఎదుట ఉన్నది ఆయుధాల ఫ్యాక్టరీ యజమాని ఆర్మ్‌స్ట్రాంగ్ లాంటి ఉద్దండుడు. సమ్మె చేసేవాళ్ల బదులు పనికి యజమానులు బయటి దేశాల నుంచి మనుషుల్ని దింపారు. అయినా వారానికి 54 గంటలు సాధించారు. అయితే ఈ గెలుపంతా సంఘం ఖాతాలో రాయడం నాకిష్టం లేదు. సమ్మెలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది సభ్యులే కారు, లండన్ కార్యాలయం తటపటాయించింది. నడిపించిన జాన్ బర్నెట్ మాత్రం సంఘం మనిషే, అలన్ పోయాక ప్రధాన కార్యదర్శి అయ్యాడు. 1919లో 47 గంటలు, తర్వాత 44, 42, 40, 39, 1990 ప్రాంతంలో చాలాచోట్ల 37. అన్నీ అడిగి, బేరమాడి తెచ్చుకున్నవే. ఫోర్డ్ కంపెనీ పుట్టిందే 1903లో. న్యూకాజిల్ గెలిచి అప్పటికి 32 ఏళ్లు.

పరిశ్రమను ముంచిందన్న మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. జర్మనీలో లోహ పరిశ్రమ కార్మికుల ఐజీ మెటాల్ ఇంతకంటే బలమైన సంఘం. 1984లో సమ్మె చేసి 35 గంటల వారానికి దారి వేసింది. అక్కడి ఇంజనీరింగ్ పరిశ్రమ మునగలేదే!

విమర్శించాలనుకునేవాళ్లకు ఈ సంఘంలో నిజమైన తప్పు ఒకటి దొరుకుతుంది. ఆ సందేశం రాసినవాళ్లకు మాత్రం అది కనబడలేదు. 1943 జనవరి దాకా ఆడవాళ్లకు సభ్యత్వమే ఇవ్వలేదు. 1851 నుంచి లెక్కేస్తే 90 ఏళ్లకు పైమాటే. మొదటి యుద్ధంలో లేత్‌ల దగ్గర లక్షలమంది స్త్రీలు నిలబడ్డా తలుపు తెరవలేదు. దీన్ని నేను వెనకేసుకురాను. తలుపు తెరిచిన ఏడాదే, గ్లాస్గో దగ్గర హిల్లింగ్టన్‌లోని రోల్స్ రాయిస్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో వేలమంది స్త్రీలు పని ఆపారు. మగవాడు తిప్పితే ఒక కూలి, అదే మెషీన్ ఆడమనిషి తిప్పితే తక్కువ కూలి, ఇదేం లెక్క అని అడిగారు. చివరికి కుదిరిన ఒప్పందంలో ఫ్యాక్టరీలోని మెషీన్లన్నీ పేరుపేరునా రాసి, ఒక్కోదానికి ఎదురుగా రేటు వేశారు. దాన్ని నడిపేది ఆడా మగా అన్న మాట ఆ జాబితాలో లేదు.