ప్రతి ఫైలు పైనా పేరుండాలా?

(శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ అధ్యాపకుడిగా పనిచేసి విరమించిన మాస్టారికీ, పాత తెలుగు ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రామును ఓపెన్ సోర్సుగా, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకునేలా, విడుదల చేయబోతున్న ఆయన పూర్వ విద్యార్థినికీ మధ్య వాదం. ప్రతి ఫైలు పైనా కాపీరైటు, లైసెన్సు ప్రకటన ఉండాలని ఆమె పక్షం. ప్రాజెక్టుకంతటికీ ఒక్క లైసెన్సు ఫైలు చాలునని ఆయన పక్షం.)

మాస్టారు: కాపీరైటుపై దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం రచనతోపాటే హక్కూ పుడుతుందమ్మా. మన 1957 కాపీరైటు చట్టం ప్రకటననూ, రిజిస్ట్రేషన్‌నూ హక్కుకు షరతుగా పెట్టలేదు. అమెరికా సైతం 1989 మార్చి నుంచి ఆ షరతును వదిలేసింది. చట్టమే అడగని మాటను నలభై ఫైళ్లలో నలభై సార్లు రాయడం దేనికి?

విద్యార్థిని: హక్కు పుట్టడానికి ప్రకటన అక్కర్లేదన్నది నిజమే, మాస్టారూ. చిక్కంతా అక్కడే ఉంది. ప్రకటన లేని ఫైలు చేతికందినవారికి, దాని మీద ఎవరికో హక్కుందని చట్టం చెబుతుంది గాని, ఆ హక్కు ఎవరిదో చెప్పదు, వాడుకోనిస్తారో లేదో చెప్పదు. నిరుడు ఒక పాత ఫాంటు గుణింతాలనూ వత్తులనూ మార్చే ఫైలు నాకు దొరికింది. ఎవరో దాన్నొక్కదాన్నే ఏదో ప్రాజెక్టులోంచి తీసుకుని తమ దాంట్లో పెట్టుకున్నారు. లైసెన్సు ఫైలు వెనకే ఉండిపోయింది. రాసినవారి కోసం రెండు నెలలు వెతికి, దొరక్క, ప్రతి సంయుక్తాక్షరాన్నీ మొదటి నుంచి నేనే రాసుకున్నాను. ఆ రాసినవారు అందరికీ ఇవ్వాలనే అనుకుని ఉండవచ్చు, కాని ఆ దానం నా దాకా రాలేదు. శ్రీకూర్మం గుడిలో దాతల శాసనాలు స్తంభాల మీదే ఉన్నాయి. గుమ్మం దగ్గర ఒక్క పలక పెట్టి ఊరుకోలేదు. నేను కోరేది రెండే వరుసలు: ఒకటి కాపీరైటుది, ఒకటి ఏ లైసెన్సో పొట్టిగా చెప్పే ఎస్‌పీడీఎక్స్ గుర్తు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్‌ను రాసేవారు 2017లో వేలాది ఫైళ్లకు ఆ గుర్తు పెట్టారు.

మాస్టారు: రాతి మీద చెక్కింది మారదు, కోడు మారుతుంది. నీ పేరుతో మొదలైన ఫైలును పదిమంది తిరగరాశాక కూడా పైన నీ పేరొక్కటే ఉంటే అది అబద్ధపు శాసనం. ఏ వరుస ఎవరు రాశారో, ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ చరిత్రలో ఉంటుంది.

విద్యార్థిని: ఆ మాట ఒప్పుకోక తప్పదు. అందుకే నా పేరు కాక ‘ప్రాజెక్టు రచయితలు’ అని రాస్తాను. కాని గిట్ చరిత్ర ఫైలు వెంట నడవదు గదా.

మాస్టారు: సంవత్సరమో? ప్రతి జనవరిలోనూ నలభై చోట్ల మారుస్తావా?

విద్యార్థిని: మార్చను. మొదట విడుదలైన ఏడు చాలు.

మాస్టారు: చూసేవారు పాతబడిన కోడనుకుంటారు.

విద్యార్థిని: అనుకోనివ్వండి. మన దేశంలో కాపీరైటు గడువు రచయిత మరణించాక 60 ఏళ్లు. అంకె మార్చినంత మాత్రాన అది పెరగదు.

మాస్టారు: మరి ఆ అంకె ఉండి ఏం లాభం?

విద్యార్థిని: సరే, తీసేస్తాను.

మాస్టారు: ఇంకొకటి. ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారని కాపీరైటు చట్టం 17వ సెక్షన్ అంటుంది. రచయితలని నువ్వు రాసినంత మాత్రాన హక్కు వారిదైపోదు.

విద్యార్థిని: ఆ వరుస రాయబోతేనే నాకు ఆ సంగతి తట్టింది, మాస్టారూ. రెండు ఫైళ్ల దగ్గర చేయి ఆగింది. అవి ఆఫీసు పనిలో భాగంగా రాసినవి. అనుమతి అడిగాను. జవాబు వచ్చేదాకా వాటిని విడుదల చేయను. ప్రాజెక్టుకంతటికీ ఒక్క ఫైలే పెట్టి ఉంటే, నాది కానిదాన్ని నాదన్నట్టు పంచేసేదాన్ని.

మాస్టారు: నీ అక్షరాల పట్టిక డేటా మాత్రమే ఉండే జేసన్ ఫైలు కదా? అందులో కామెంటు రాయడానికి వీల్లేదు. అక్కడేం చేస్తావు?

విద్యార్థిని: అదే పేరు చివర డాట్ లైసెన్స్ అని చేర్చి, పక్కన ఇంకో ఫైలు పెడతాను.

మాస్టారు: పట్టికనొక్కదాన్నే ఎత్తుకుపోతే?

విద్యార్థిని: అప్పుడు అదీ వెనకే ఉండిపోతుంది. దానికి నా దగ్గర మందు లేదు, మాస్టారూ. మిగతా ఫైళ్లకు ఈ రాత్రే రాస్తాను.